వీరేశలింగము పంతులుగారి ధైర్యము

ధైర్యము దేహబలము గలవారి సొత్తని లోకులు తలంతురు. ఈ తలంపు సరికాదని కందుకూరి వీరేశలింగము పంతులుగారి చరిత్రము మనకు దెలుపుచున్నది. వారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. ఉబ్బసమును దగ్గును వారినెన్నడును పూర్తిగా విడిచిపెట్టలేదు. రాత్రులు నిద్రలేక కూర్చుండి గడపవలసిన శరీరముతోనే వారు జీవితమంతయు బనిచేసిరి.

1874లో వారు వివేకవర్ధనిని బ్రకటింప నారంభించి, ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. 1879లో వితంతువివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగా నుపన్యసించిరి. అంతవఱకు వాదములే గాని ప్రాణభయము లేదు. మాటను కార్యముగా జేయబూనినప్పుడు విరోధుల యాగ్రహము పెచ్చుపెరిగెను. కొట్టుదుమని బెదరించినవారును గలరు.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి పంతులుగారి గృహమున బాలవితంతువగు గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములుగారికిని వివాహము జరిగెను. వీథిలో అల్లరి జరుగునను భయమున పోలీసువారు కాపుండిరి. విద్యార్థులును గురువునకు బాసటగా నిలిచిరి. పంతులుగారికి భయము గలుగలేదని మేము చెప్పజాలము. ఆ యింట భార్యయు, తమ్ము నమ్మి వచ్చిన వధూవరులును ఉండగా భయపడకుండుట యెవ్వరికి సాధ్యము? భయముండియు వారు ముహూర్తమును దాటనీయలేదు.

అయినను అంతకంటె గొప్ప పరీక్ష పెండ్లి యైన పిదప వచ్చినది. మూక బెదరింపు ఒక రాత్రితో దీరును. వెలి దినదినమును బాధించును. పీఠాధిపతి బహిష్కారమునకు జడిసి, విందున గుడిచిన మిత్రులలో ననేకులు ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వంటవారు మానిరి, నీళ్లు మోయువారు రాకపోయిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి బోయి బిందెలతో నీరు దెచ్చి, పెండ్లివారికి వండి వడ్డించిరి. ఆమె యా బరువు నెత్తుకొనకున్నచో పంతులుగారి దీక్ష యెంతకాలము నిలుచునో చెప్పుట కష్టము.

మొదటి వివాహమైన నాలుగు దినములకే, డిసెంబరు 15వ తేదీని, రెండవ వివాహము జరిగెను. పిమ్మట వారు సుమారు 40 వితంతువివాహములను జరిపించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించినను కార్యమును విడువక, 1919 మే 27వ తేదీని చెన్నపురిలో దేహము చాలించిరి.

సభలలో సంస్కరణమును శ్లాఘించి, ఇంటికి బోయి బంధువుల మాటకు వెఱచు మనవంటివారికి ఈ చరిత్రము సిగ్గును గలిగింపవలెను. ఆ సిగ్గుతోనే మనము నిలిచిపోరాదు. వెలి పడినవారి పంక్తిని గూర్చుండి భుజించుట, వారి బిడ్డలతో సంబంధము చేయుట, వారి యింటికి మనమే ముందుగా బోవుట మనకు సాధ్యములే. మన బలము చాలని చోట సర్వేశ్వరుని బ్రార్థించి, ఆ బిందెనెత్తుకొన్న తల్లిని స్మరింతము.