పండ్ల మార్కెట్ కాడ దిగు

కొత్తపేటలో మా ఇంటికి దారి చెప్పాలంటే చాలాకాలం ఒకటే గుర్తు: "పండ్ల మార్కెట్ కాడ దిగు." కాలనీ పేరూ, ఇంటి నంబరూ ఎవరికీ పట్టేవి కావు. ఎండాకాలమైతే ఆ మాట కూడా అక్కర్లేదు. విజయవాడ రోడ్డు మీద బస్సు ఎల్బీనగర్ దాటి కాస్త నెమ్మదించగానే కిటికీలోంచి మామిడి వాసన గుప్పున కొట్టేది. కునుకు తీస్తున్నవాళ్ళు లేచి సంచులు సర్దుకునేవాళ్ళు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అన్నది రికార్డుల్లో పేరు. జాంబాగ్‌లో ఉండేది, 1986లో ఇక్కడి 22 ఎకరాల్లోకి వచ్చింది. అప్పటికి ఇది పట్నం చివర. మార్కెట్‌ను ఊరవతలకి పంపడం, తర్వాత ఊరే వెళ్ళి దాని చుట్టూ ఇళ్ళు కట్టుకోవడం హైదరాబాద్‌కు అలవాటే.

అలా కట్టుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. 1992లో నాన్న ఇక్కడ నూట యాభై గజాల జాగా కొన్నాడు. నల్లగొండ, సూర్యాపేట వైపు వాళ్ళలో చాలామందికి పట్నంలో ఇల్లంటే ముందు చూపు పడేది ఇటే. ఊరి బస్సు ఇంటి దగ్గరే దింపుతుంది. పండక్కి పోవాలన్నా, పెద్దవాళ్ళకు బాగాలేదని కబురొచ్చినా సిటీ దాటే పని లేదు, రోడ్డెక్కి చెయ్యెత్తితే చాలు. పిల్లల చదువులకు దిల్‌సుఖ్‌నగర్, ఆదివారానికి వనస్థలిపురం జింకల పార్కు. నీళ్ళకే కటకట. ట్యాంకర్ వచ్చిందంటే వీధంతా బిందెల మోత. 2004లో కృష్ణా నీళ్ళు మా నల్లగొండ జిల్లా మీదుగానే సాహెబ్‌నగర్ చేరాయి. "మనం ముందొచ్చినం, నీళ్ళు ఎన్కొచ్చినయ్" అని నాన్న నవ్వేవాడు.

ఆయనతో తెల్లవారకముందే మార్కెట్‌కు పోయేవాణ్ణి. షెడ్ల కింద వరిగడ్డి పరిచి పోసిన కాయలు, మోకాలెత్తు కుప్పలు. హమాలీలు రెండు చేతులతో ఏరుతుంటే పెద్దకాయ ఒకవైపు, చిన్నకాయ ఒకవైపు, దెబ్బ తిన్నది వెనక్కి. చూపు కాయ మీద నిలిచేది కాదు, చెయ్యి మాత్రం తప్పేది కాదు. ఇంకోచోట ఇద్దరు మనుషులు ఒక దస్తీ కింద చేతులు కలిపి నిలబడేవాళ్ళు. మాటా పలుకూ లేదు. గుడ్డ కింద వేళ్ళు కదిలేవి, ఒకాయన తల అడ్డంగా ఊపేవాడు, మళ్ళీ వేళ్ళు కదిలేవి. దస్తీ తీసేసరికి లారీడు కాయలు చేతులు మారిపోయి ఉండేవి. ఆ బేరంలో రైతుకు ఎంత తెలిసేదో, ఎంత తెలియనిచ్చేవాళ్ళో అన్న ఆలోచన ఆ వయసులో నాకు లేదు.

నాన్నకు మామిడి కన్నా బత్తాయి లారీల మీదే ధ్యాస. డ్రైవర్ని పలకరించేవాడు: "ఏ ఊరు బిడ్డా?" మా వైపు ఊరి పేరు వినపడిందంటే ఇక వానల సంగతి, బోర్ల సంగతి, ఎవరి తోట ఎండింది, ఎవరిది నిలిచింది. కొనాల్సింది మరిచిపోయి ఉత్త సంచితో ఇల్లు చేరిన రోజులున్నాయి. అమ్మ ఏమీ అనేది కాదు, సంచి దులిపి మేకుకు తగిలించేది.

2007లో మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఇండిపెండెంట్ ఇళ్ళు ఫ్లాట్లయ్యాయి, మాదీ అయింది. ఫ్లాట్లయ్యాక మాకు ముక్కులు కూడా కొత్తవి మొలిచినట్టున్నాయి. రాత్రిపూట లారీల హారన్లు, కుళ్ళిన పండ్లు, ఈగలు, ఆవులు, రోడ్డంతా జామ్. అన్నీ నిజమే, అన్నీ మేము జాగా కొన్ననాడూ ఉన్నవే. మార్కెట్ ఇక్కణ్ణుంచి తీసెయ్యాలని కాలనీలో అర్జీ రాశారు. మూడో సంతకం నాది.

2021లో మార్కెట్‌ను ఔటర్ రింగ్ రోడ్డు అవతల బాటసింగారానికి తరలించారు. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2022 మార్చిలో షెడ్లు కూల్చేశారు, ఏప్రిల్లో అక్కడే వెయ్యి పడకల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. దవాఖాన వద్దని ఎవరంటారు? నేనూ అనను. కూల్చిన మర్నాడు అటు వెళ్తే ఇనుప రేకుల మధ్య ఎండిన వరిగడ్డి ఎగురుతోంది. ఎవరో ఒకామె దాన్ని కట్ట కట్టుకుంటోంది, ఇంట్లో గేదె ఉందట. కొత్తపేటలో ఇంకా గేదె ఉన్న ఇల్లు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పోయిన వేసవిలో నాన్నను ఊరి నుంచి తీసుకొస్తున్నాను. ఎనభై దాటాయి, బస్సెక్కితే నిద్రే. బాటసింగారం దగ్గర లారీల వెనక బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి వాసన రాగానే కళ్ళు తెరవకుండానే కాళ్ళ దగ్గర సంచి తడుముకున్నాడు.

"ఇంకా రాలేదు నాన్నా, చాలా దూరముంది" అన్నాను.

"వాసనొస్తలేదా?" అని సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.