ఊహకందని ప్రతిఫలం: హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితం

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని మన పెద్దలు అంటుంటారు. అనుకున్న సంబంధం తప్పిపోయినప్పుడు, చేతికందిన ఉద్యోగం జారిపోయినప్పుడు, ఇంటికి ఆధారమైన మనిషి హఠాత్తుగా కన్నుమూసినప్పుడు ఈ మాట నిట్టూర్పుతో పాటు బయటికి వస్తుంది. అందులో ఎక్కడో ఒక ఫిర్యాదు దాగి ఉంటుంది. అయితే అల్లాహ్ తలచినది మన తలంపు కంటే మేలైనదని గుండె నిండా నమ్మడం విశ్వాసి లక్షణం. ఈ నమ్మకం మాటల్లో తేలిక, ఆచరణలో కష్టం. అది ఎంత కష్టమో, దాని ఫలం ఎంత తియ్యనిదో తెలుసుకోవాలంటే విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితాన్ని చూడాలి.

ఆమె అసలు పేరు హింద్. ఖురైష్ తెగలోని బనూ మఖ్జూమ్ వంశానికి చెందిన అబూ ఉమయ్యా కూతురు. తనతో ప్రయాణించేవారి భోజనం ఖర్చంతా తానే భరించే దాతగా ఆయనకు అరేబియాలో పేరుండేది. ఆమె భర్త హజ్రత్ అబూ సలమా (రజి) దైవప్రవక్త (సఅసం)కు మేనత్త కొడుకు, పాల సోదరుడు కూడా. ఆ దంపతులిద్దరూ తొలినాళ్లలోనే ఇస్లాం స్వీకరించారు. మక్కాలో హింస భరించలేక హబషా దేశానికి వలస వెళ్లారు. కొంతకాలానికి తిరిగొచ్చి, మదీనా దారి పట్టారు.

భర్త ఆమెను ఒంటెపై కూర్చోబెట్టి, ఒడిలో చిన్నారి సలమాను ఉంచి ప్రయాణం కట్టారు. ఇంతలో ఆమె పుట్టింటివారు అడ్డుపడ్డారు. తమ ఆడపడుచును ఊరూరా తిప్పనివ్వబోమంటూ ఆమెను లాక్కున్నారు. అది చూసి అబూ సలమా (రజి) వంశంవారికి రోషమొచ్చింది. బిడ్డ తమ వంశానికి చెందినవాడని పసివాణ్ణి లాగారు. ఆ పెనుగులాటలో పసివాడి చెయ్యి కీలు తప్పింది. భర్త మదీనాకు, బిడ్డ తండ్రి తరఫువారి దగ్గరికి, ఆమె పుట్టింటికి చేరారు. ముగ్గురూ ఒక్కరోజులోనే మూడు చోట్లయ్యారు. కుటుంబమంతా కలిసి అల్లాహ్ మార్గంలో వలస వెళ్లాలన్నది ఆమె తలంపు. జరిగింది ఇది.

సుమారు ఒక సంవత్సరం పాటు ఆమె రోజూ ఊరి వెలుపలి మైదానానికి వెళ్లి సాయంత్రం దాకా ఏడ్చేవారు. కన్నీరు సహనానికి విరుద్ధం కాదు. ఆమె ఏడ్చారు గాని, అల్లాహ్‌ను నిందించలేదు, ధర్మాన్ని వదులుకోలేదు. చివరికి బంధువుల్లో ఒకరికి జాలి కలిగి, ఆమెను పంపించేందుకు ఇంటివారిని ఒప్పించారు. బిడ్డను కూడా అప్పగించారు. ఆమె ఇక ఎవరి కోసమూ ఆగలేదు. బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒంటరిగా ఒంటెపై బయలుదేరారు. 400 కిలోమీటర్లకు పైబడిన ఎడారి దారి అది.

మక్కా పొలిమేరలోని తన్‌యీమ్ వద్ద ఉస్మాన్ బిన్ తల్హా ఎదురుపడ్డారు. అప్పటికి ఆయన ముస్లిం కాదు. వెంట ఎవరూ లేరని తెలిసి, ఒంటె ముకుతాడు పట్టుకుని ముందు నడిచారు. మజిలీ వచ్చినప్పుడల్లా ఒంటెను కూర్చోబెట్టి దూరంగా తొలగిపోయేవారు. ఆమె దిగాక ఒంటెను కట్టేసి, తాను మరో చెట్టు నీడన విశ్రమించేవారు. ఖుబా కనిపించాక, భర్త ఉన్న ఊరు అదేనని చెప్పి, వచ్చిన దారినే మక్కాకు తిరిగి వెళ్లిపోయారు. అంతటి మర్యాదస్తుణ్ణి తాను చూడలేదని ఆమె జీవితాంతం చెప్పుకునేవారు. సొంతవారు దారి మూసేస్తే, శత్రు పక్షంలోని మనిషి చేత అల్లాహ్ దారి తెరిపించాడు. తర్వాత హిజ్రీ 8లో ఆయనకు కూడా ఇస్లాం భాగ్యం దక్కింది.

మదీనాలో వారి కాపురం ఎక్కువకాలం సాగలేదు. హిజ్రీ 3లో ఉహద్ యుద్ధంలో అబూ సలమా (రజి) చేతికి గాయమైంది. మానినట్లే కనిపించిన ఆ గాయం మరో దండయాత్ర తర్వాత తిరగబెట్టింది. హిజ్రీ 4లో ఆయన తుదిశ్వాస విడిచారు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా వచ్చి ఆయన కన్నులు మూసి, ఆయన కోసం, ఆయన కుటుంబం కోసం ప్రార్థించారు.

ఆపద వచ్చినప్పుడు మనమంతా అల్లాహ్‌కు చెందినవారమేనని అంగీకరించి, ఆ ఆపదపై పుణ్యాన్ని, పోయినదానికంటే మేలైనదాన్ని అర్థించాలని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. ఆమెకు ఆ దుఆ తెలుసు. కాని మేలైనదాన్ని అడగబోయేసరికి ఆమె మనసు ఆగిపోయింది. కుటుంబంతో హిజ్రత్‌కు ముందడుగు వేసిన ఆ భర్త కంటే మేలైనవారు ఎవరుంటారని ఆమెకు అనిపించింది. అయినా దుఆ పలికారు. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. మేలు ఏ రూపంలో వస్తుందో ఆమె ఊహకు అందలేదు, అయినా ప్రవక్త నేర్పిన మాటను ఆమె వదల్లేదు. దారి కనిపించాక నడవడంలో విశేషమేముంది? కనిపించకపోయినా చెయ్యి చాచి అడగడమే తవక్కుల్.

ఇద్దత్ గడువు ముగిశాక స్వయంగా దైవప్రవక్త (సఅసం) నుండి ఆమెకు వివాహ సందేశం వచ్చింది. ఆమె తన ఇబ్బందులు దాచలేదు. తనది రోషం గల స్వభావమని, వయసు పైబడిందని, పిల్లలున్నారని విన్నవించుకున్నారు. రోషం తొలగిపోయేలా అల్లాహ్‌ను ప్రార్థిస్తానని, వయసులో తానూ పెద్దవాణ్ణేనని, పిల్లల భారం అల్లాహ్‌ది, ఆయన ప్రవక్తదని సమాధానం వచ్చింది. హిజ్రీ 4 షవ్వాల్ నెలలో ఆ నికాహ్ జరిగింది. తండ్రి లేని ఆ పిల్లలు ప్రవక్త ఇంట పెరిగారు. కుడిచేత్తో, తన ముందున్న వైపు నుండి తినాలని మన పిల్లలకు నేర్పే మర్యాదను దైవప్రవక్త (సఅసం) నేర్పింది ఆమె కుమారుడు ఉమర్ బిన్ అబూ సలమా (రజి)కే.

తన జీవితంలో నేర్చిన ఈ పాఠం హిజ్రీ 6 (క్రీ.శ. 628)లో ముస్లిం సమాజం మొత్తానికి ఉపయోగపడింది. దైవప్రవక్త (సఅసం) కల ఆధారంగా సుమారు 1400 మంది సహచరులు ఉమ్రాకు బయలుదేరారు. కాబాను చూస్తామన్న ఆశతో హుదైబియా దాకా వచ్చారు. ఖురైషీయులు అడ్డగించారు. ఈ ఏడు తిరిగి వెళ్లి, మరుసటేడు మూడు రోజుల కోసం రావాలని, మక్కా నుండి పారిపోయి వచ్చినవారిని అప్పగించాలని ఒప్పందం కుదిరింది. సంకెళ్లతో వచ్చిన అబూ జందల్ (రజి)ను కళ్లముందే తిప్పి పంపాల్సి వచ్చింది. సహచరుల గుండెలు పగిలాయి. ఖుర్బానీ ఇచ్చి తలవెంట్రుకలు తీయించుకోమని దైవప్రవక్త (సఅసం) మూడుసార్లు చెప్పినా, దుఃఖంతో ఎవరూ కదల్లేదు.

ఆయన గుడారంలోకి వచ్చి పరిస్థితి చెప్పారు. ఉమ్మె సలమా (రజి)కి ఆ మనసులు అర్థమయ్యాయి. ఇది అవిధేయత కాదు, ఆశాభంగం. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి, తన ఒంటెను ఖుర్బానీ చేసి, క్షురకుణ్ణి పిలిపించుకోమని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి సహచరులంతా లేచారు. తిరుగు దారిలో అల్ ఫతహ్ సూరా అవతరించి, వారు ఓటమి అనుకున్నదాన్ని స్పష్టమైన విజయమని ప్రకటించింది. మరుసటేడు ఉమ్రా జరిగింది. శాంతి నెలకొనడంతో జనం ఇస్లాంను దగ్గరగా చూశారు. హిజ్రీ 8లో మక్కాలో ప్రవేశించినప్పుడు ఆ 1400 మంది స్థానంలో 10 వేల మంది ఉన్నారు.

ఆమె దీర్ఘకాలం జీవించారు. విశ్వాసుల మాతృమూర్తులలో అందరికంటే చివర కన్నుమూసింది ఆమే. ఆమె ద్వారా 378 హదీసులు సమాజానికి అందాయి.

సోదర సోదరీమణులారా! పోయిన ప్రతిదానికీ బదులుగా అలాంటిదే ఇంకా మంచిది ఇక్కడే దొరుకుతుందని ఈ జీవితం నుండి అర్థం తీసుకోకూడదు. అబూ సలమా (రజి)కి ప్రతిఫలం ఈ లోకంలో దక్కలేదు, పరలోకం కోసం భద్రమైంది. ఏ మేలు ఎప్పుడు ఇవ్వాలో ఇచ్చేవాడికి తెలుసు. మన వంతు మూడు పనులు: కన్నీరొస్తే ఏడ్వడం, దారి తెరుచుకుంటే అడుగు వేయడం, మనసు ఒప్పుకోకపోయినా దుఆ పలకడం. అల్లాహ్ తన నిర్ణయంపై సంతృప్తి చెందే హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.