హెడీ లామర్: తెరపై అందాల తార.. వైర్‌లెస్‌కు దారి చూపిన ఆవిష్కర్త!

చెవిలో బ్లూటూత్ పెట్టుకుని పాటలు వింటుంటాం. పక్కనే వైఫై రౌటర్ నడుస్తున్నా పాట ఆగదు. దీని వెనకున్న ఐడియాకు 80 ఏళ్ల క్రితమే ఓ హాలీవుడ్ హీరోయిన్ పేటెంట్ తీసుకున్నారంటే నమ్ముతారా? ఆమే హెడీ లామర్.

1914 నవంబర్ 9న ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. అసలు పేరు హెడ్విగ్ కీస్లర్. 1933లో ఆయుధాల వ్యాపారి ఫ్రిట్జ్ మాండ్ల్‌ను పెళ్లి చేసుకున్నారు. 1937లో భర్తను వదిలేసి వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే 'అల్జీర్స్' సినిమాతో హాలీవుడ్‌లో స్టార్ అయిపోయారు.

అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం. టార్పెడోను రేడియోతో నడిపిస్తే గురి తప్పదు. కానీ శత్రువు ఆ ఫ్రీక్వెన్సీని కనిపెట్టి జామ్ చేస్తే అంతే సంగతులు! దీనికి హెడీ, సంగీత దర్శకుడు జార్జ్ ఆంథైల్ కలిసి ఓ ఉపాయం ఆలోచించారు. సిగ్నల్ ఒకే చోట ఉండకుండా 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతుతూ ఉండాలి. ఏ క్రమంలో గెంతాలో పంపే యంత్రానికి, అందుకునే యంత్రానికి మాత్రమే తెలియాలి. అందుకు తనంతట తానే వాయించే పియానోలో వాడే చిల్లుల కాగితం చుట్టలను ఎంచుకున్నారు.

1942 ఆగస్టు 11న పేటెంట్ వచ్చింది. కానీ అమెరికా నేవీ దాన్ని పక్కన పెట్టేసింది. హెడీ మాత్రం యుద్ధ బాండ్లు అమ్మిపెట్టారు. 1959లో పేటెంట్ గడువు ముగిసింది. ఆమె చేతికి పైసా రాలేదు.

తర్వాతి కాలంలో ఇదే పద్ధతి సైనిక రేడియోల్లోకి వచ్చింది. క్లాసిక్ బ్లూటూత్ అయితే సెకనుకు 1,600 సార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. 1997 నాటి తొలి వైఫై ప్రమాణంలోనూ ఇదో పద్ధతి. తర్వాత వైఫై వేరే దారి పట్టింది. అందుకే ఆమెను 'వైఫై తల్లి' అనడం పూర్తిగా కరెక్ట్ కాదు. ఇంకో విషయం.. గెంతడం వల్ల సిగ్నల్ తెగిపోకుండా ఉంటుంది. కానీ ఇవాళ మన డేటాను దాచేది ఎన్‌క్రిప్షన్, గట్టి పాస్‌వర్డే.

1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆమెను అవార్డుతో గౌరవించింది. అప్పటికి హెడీ వయసు 82. 2000 జనవరి 19న ఫ్లోరిడాలో కన్నుమూశారు. అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది మాత్రం 2014లో.. ఆమె పోయిన 14 ఏళ్లకు!