గని కార్మికుల సువార్తికుడు విన్సెంట్ వాన్ గో



కోలారు బంగారు గనులలో షాఫ్టు దిగి పనిచేసిన తండ్రులు, తాతలు గల కుటుంబాలు మన సంఘాలలో అనేకం. వారికి ఈ జీవితం దగ్గరగా తోస్తుంది. లోకం వాన్ గో గారిని గొప్ప చిత్రకారుడుగా ఎరుగును. అంతకుముందు ఆయన గని కార్మికుల మధ్య సువార్తికుడు.

ఆయన 1853 మార్చి 30న హాలెండు దేశంలో జుండెర్ట్ గ్రామంలో పాదిరిగారి కుమారుడుగా జన్మించారు. చిత్రాలు అమ్మే కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, సేవ చేయగోరి 1878 చివర బెల్జియంలోని బోరినాజ్ బొగ్గు గనుల ప్రాంతానికి వెళ్లారు. 1879లో మార్కాస్ గనిలో సుమారు 700 మీటర్ల లోతుకు దిగి కార్మికుల కష్టం కళ్లారా చూశారు. మన ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు; అది 2001లో మూతపడింది.

ఆయన తన బట్టలు పేదలకు పంచి, గుడిసెలో పడుకుని, రోగులకు పరిచర్య చేశారు. అయితే ఆ తీరు సువార్తికునికి తగదని, ప్రసంగశక్తి చాలదని తలచి కమిటీవారు 6 నెలల తరువాత ఆయనను కొనసాగించలేదు. 1880లో ఆయన చిత్రలేఖనం చేపట్టారు. ఖర్చులన్నీ తమ్ముడు థియో భరించాడు.

కొంతకాలం తిండి, నిద్ర మరచి ఉత్సాహంతో పని, ఆపైన తీవ్రమైన కృంగుదల, ఇదే ఆయన జీవితం. 1888 డిసెంబరు 23న ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో మతి తప్పి తన చెవి కోసుకున్నారు. అక్కడి డాక్టరు ఫెలిక్స్ రే ఇది ఒక రకం మూర్ఛ అని తలచారు. 1889 మే నెలలో ఆయన తానే సమ్మతించి సాన్ రెమీ మానసిక వైద్యశాలలో చేరి, ఒక్క ఏడాదిలో సుమారు 150 చిత్రాలు గీశారు. 1890 జులై 29న, తనను తాను కాల్చుకున్న గాయంతో, 37వ ఏట మరణించారు.

ఆయన జబ్బు మూర్ఛ అని కొందరు, ఉత్సాహం, కృంగుదల మారిమారి వచ్చే బైపోలార్ జబ్బని కొందరు వైద్యులు నేటికీ వాదిస్తారు. 2020లో డచ్చి వైద్యులు బైపోలార్ జబ్బు, మద్యపానం కలిసి ఉండవచ్చునని, మూర్ఛను పూర్తిగా కొట్టివేయలేమని తేల్చారు.

ఈ రెండూ వేర్వేరు జబ్బులే, కాని రెండూ మెదడుకు సంబంధించినవి. మూర్ఛ గలవారిలో మనోవ్యాధులు ఇతరులలోకంటే ఎక్కువ. కొన్ని ఫిట్సులో కాళ్లు చేతులు కొట్టుకోవు. రోగి కాసేపు శూన్యంగా చూసి, భయపడి, తరువాత ఏమీ జ్ఞాపకం లేదంటాడు. అందుచేత ఒకటి మరొకటిగా పొరబడతారు. వాల్‌ప్రోయేట్, కార్బమజపిన్, లామోట్రిజిన్ వంటి మందులు రెండింటికీ వాడతారు. వాటిని చెప్పకుండా ఆపితే ఫిట్సు తీవ్రంగా తిరిగి వస్తాయి. వాల్‌ప్రోయేట్ గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చు గనుక స్త్రీలు డాక్టరుగారిని ముందుగా అడగాలి.

ఫిట్సు వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం వృథా. నోటిలో ఏమీ పెట్టక, ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చండి. కోలారు జిల్లావారికి బెంగుళూరు నిమ్హాన్స్ దూరమేమీ కాదు. పెండ్లి సంబంధం చెడుతుందని జబ్బును దాచకండి. కమిటీ వదలినా థియో తన అన్నను వదలలేదు. మన సంఘంలో ప్రతి రోగికీ అటువంటి తమ్ముడు ఉండాలి.