ఎవరి చేతి మందు? గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్, ఆమె నర్సులు

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఒక ఆసుపత్రి వార్డులో కాసేపు నిలబడి చూడండి. డాక్టర్ వస్తే ఎవరు లేచి నిలబడాలో, బెడ్‌పాన్ ఎవరు తీయాలో, రోగి బంధువుల తిట్లు ఎవరు పడాలో అక్కడ గోడ మీద రాసి ఉండదు. అయినా అందరికీ తెలుసు. ఈ అలవాటు ఎక్కడ మొదలైందో వెతుకుతూ పోతే తెలుగు నేల మీద ముందుగా తగిలే పేర్లలో ఒకటి అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో డాక్టర్ పట్టా తీసుకుంది. 1883 చివర్లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. అయితే డాక్టర్‌గా కాదు. మిషన్ పెద్దలకు ఆడ డాక్టర్ అవసరం కనబడలేదు. ఆడవాళ్లకు చదువు చెప్పే పని అప్పజెప్పారు. పట్టా చేతిలో ఉన్న మనిషి పలకాబలపం పట్టుకుంది, వైద్యం మాత్రం మానలేదు. జబ్బు పడ్డవాళ్లు ఇంటికి వచ్చారు, ఆమే వాళ్ల ఇళ్లకు వెళ్లింది. రెండేళ్ల తర్వాతే మిషన్ ఆమెను డాక్టర్‌గా ఒప్పుకుంది. చదువుకున్న ఆడమనిషి కొలువులో తన పని తాను చేసుకోవడానికి కూడా ఇలా పోరాడాల్సి వచ్చింది.

స్త్రీలకు, పిల్లలకు ఆమె కట్టించిన ఆసుపత్రి కొన్నేళ్ల తర్వాత తెరుచుకుంది. అసలు చిక్కు అక్కడే వచ్చింది: నర్సులుగా ఎవరు వస్తారు? పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడం, పురిటి నెత్తురు కడగడం మైల పని. మన ఊళ్లలో మంత్రసాని పని ఎవరి ఇళ్లకు వదిలారో తెలిసిందే. పై కులాలవాళ్లు తమ ఆడపిల్లల్ని పంపలేదు. కేథరిన్ ఫాస్ అనే అమెరికన్ నర్సు చేతి కింద శిక్షణకు వచ్చింది క్రైస్తవ అమ్మాయిలు. అప్పటి గుంటూరు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్లవాళ్లే.

వాడకట్టులో నీడ పడితేనే మైల అన్న ఇళ్ల ఆడవాళ్లు నొప్పులొచ్చినప్పుడు ఈ అమ్మాయిల చేతుల్లో పడుకున్నారు. ఒళ్లు తాకనిచ్చారు, కానీ వంట మాత్రం వేరు! రోగుల బంధువులు దిగి వండుకోవడానికి ఏలూరు రాజావారు ఆసుపత్రికి సత్రం కట్టించారు. దాన్ని దాతృత్వంగానే చెప్పుకుంటారు. నాకైతే, కులం కూడా ఆసుపత్రి ఆవరణలోకి మర్యాదగా నడిచి వచ్చిందనిపిస్తుంది. కుగ్లర్ కులాన్ని మెచ్చలేదు. అయినా రోగి ప్రాణం దక్కాలంటే ఎక్కడో సర్దుకోవాల్సి వచ్చింది. ఆ సర్దుబాటు బరువు దొరసాని మీద పడలేదు, పక్కబట్టలు మార్చే అమ్మాయి మీద పడింది.

మరోవైపు చూస్తే, కూలి తప్ప వేరే దారి లేని ఇళ్ల ఆడపిల్లలకు ఆ తెల్ల చీర జీతాన్ని, చదువును ఇచ్చింది. దీన్ని తక్కువ చేయలేం.

బ్రిటిష్ ప్రభుత్వం కుగ్లర్‌కు 1905లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలైలో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. ఆమె పోయిన పదహారేళ్లకు, 1946లో, భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక్క నర్సు తేలింది. పని మీద వేసిన మైల ముద్ర ఆ అంకెలో కొంతైనా ఉంది.

మన వైపు కూడా మిషన్ ఆసుపత్రులు నడిచాయి. కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్‌లలో రిటైరైన నర్సమ్మలు ఇంకా ఉన్నారు. డ్యూటీ రూంలో ఎవరి గ్లాసు వేరుగా ఉండేదో, నైట్ డ్యూటీలు ఎవరికి ఎక్కువ పడేవో వాళ్లకు గుర్తుంటుంది. విద్యార్థులు ఒక నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి అడగాలి, వాళ్ల పేర్లతో సహా రాసుకోవాలి.