అందరి ఔషధం

వ్యాధికి దేశభేదం లేదు. ధనిక దరిద్ర భేదమూ లేదు. కాని వ్యాధిని మాన్పే ఔషధం మాత్రం కలవారి ఇంటికి ముందుగా, లేనివారి గుమ్మానికి ఆలస్యంగా చేరుతున్నది. ఈ అన్యాయాన్ని తలచుకొన్నప్పుడు తెలుగువారికి స్ఫురించే మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికం బాల్యాన్ని వెన్నాడింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో 1922లో అమెరికా చేరారు. హార్వర్డులో ఫిస్క్‌తో కలసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు. సోదరులను కబళించిన గ్రహణి చికిత్సకు తోడ్పడే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులలోని అమెరికన్ సైనికులకు బోదకాలు క్రిములు సోకాయి. అంతవరకు పేదల రోగంగా ఉండిపోయిన దానిపై అప్పుడు సంపన్న దేశానికి శ్రద్ధ కలిగింది. ఆ అన్వేషణ ఫలితంగా సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్ అనే మందును వెలువరించింది. సైనికుల కోసం మొదలైన ఆ కృషి చివరకు ఆసియా, ఆఫ్రికా దేశాల నిరుపేదలకు వరమైంది. ఆ వ్యాప్తిని చూడకుండానే 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

విశాఖపట్నంలో తయారైన ఈ మందు మాత్రలను జపాను కంపెనీ ఎయిసాయ్ 2013 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా పలు దేశాలకు ఉచితంగా పంపసాగింది. తెలుగు బిడ్డ కనుగొన్న మందు తెలుగునేల నుండే లోకానికి దానమైంది.

ఇందుకు భిన్నమైన దృశ్యాన్ని 2021లో చూశాం. కరోనా టీకాలను సంపన్న దేశాలు తమ జనాభాకు మించి ముందే కొనివేశాయి. ఆ సంవత్సరాంతానికి ఆఫ్రికాలో పదిమందిలో ఒక్కరికైనా టీకా పూర్తిగా అందలేదు. తన ప్రజలను ముందు కాపాడుకోవడం ప్రతి ప్రభుత్వ ధర్మమే. అయితే అవసరానికి మించి దాచుకోవడం మాత్రం ధర్మం కాదు. ఒకచోట మిగిలిన మహమ్మారి అన్నిచోట్లకూ తిరిగి రాగలదు.

నూజివీడు తోటల్లో తాత నాటిన మామిడిచెట్టు ఫలం మనుమలకు దక్కుతుంది. సుబ్బారావు నాటినది అటువంటి చెట్టే. దాని ఫలాన్ని న్యాయంగా పంచుకోవడమే ఆ మహనీయునికి నిజమైన నివాళి.