రాజుగారి 28 అక్షరాలు

మా హాస్టల్లో కొరియన్ డ్రామాలు చూడనివాళ్లు తక్కువ. సబ్‌టైటిల్స్ చదివి చదివి విసుగొచ్చి, పోయిన సెలవుల్లో ఆ అక్షరాలు నేర్చుకుందామని కూర్చున్నా. రెండు రోజుల్లో వచ్చేశాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇప్పటికీ తెలుగు వొత్తుల దగ్గర తడబడే నాకు కొంచెం సిగ్గేసింది. ఇంత తేలిగ్గా ఎవరు చేశారా అని వెతికితే ఒక రాజు దొరికాడు.

పేరు సెజోంగ్. 1397లో పుట్టాడు. మూడో కొడుకైనా 1418లో సింహాసనం ఆయనకే దక్కింది. అప్పట్లో కొరియాలో రాతంటే చైనా లిపే. వేల గుర్తులు కంఠతా పట్టాలి. పొలం పని చేసుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది? తన మీద పెట్టిన కేసులో ఏం రాశారో కూడా వాడికి తెలిసేది కాదు.

1443 చివరికి రాజు 28 అక్షరాలు తయారుచేశాడు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. క పలికితే నాలుక వెనక భాగం పైకి లేస్తుంది కదా, ఆ అక్షరం ఆ నాలుక బొమ్మే. చూడ్డానికి 7 అంకెలా ఉంటుంది. న అంటే నాలుక కొస పైకి తగిలిన ఆకారం. మ అంటే నోరు, ఒక చదరం. స అంటే పన్ను. గొంతుకి సున్నా. క లోపల ఇంకో గీత గీస్తే ఖ. ఒక బేస్ క్లాస్ రాసుకుని మిగతావి ఇన్‌హెరిట్ చేసినట్టే! (మన కవర్గం, తవర్గం కూడా నోట్లో చోటుని బట్టే ఉంటాయని అమ్మమ్మ చెప్పేదాకా నాకు తెలీదు.)

పండితులకి ఇది నచ్చలేదు. సొంత లిపి పెట్టుకుంటే అనాగరికుల్లో కలిసిపోతామని, కంటి జబ్బుకి ఊటనీళ్ల దగ్గరికి వెళ్లినా ఈ పని వదలరేమని 1444లో చ్వె మల్లి అనే పండితుడు, ఇంకొందరు కలిసి అర్జీ పెట్టారు. రాజు వాళ్లని జైల్లో వేసి, మర్నాడు వదిలేయమన్నాడు. 1445 మొదట్లో కొద్ది వారాల తేడాలో ఇద్దరు కొడుకులు పోయారు. 1446లో రాణి పోయింది. చూపు తగ్గుతూనే ఉంది. అదే ఏడాది ఆ అక్షరాల్ని జనానికి ఇచ్చాడు. 1450లో, 52 ఏళ్లకి కన్నుమూశాడు.

1504లో ఆయన మునిమనవడి కొడుకు రాజుగా ఉండగా, ఆ రాజుని తిడుతూ ఎవరో ఈ అక్షరాల్లోనే కాగితాలు రాసి అంటించారు. ఆయనకి కోపమొచ్చి లిపినే నిషేధించాడు. అయినా ఆడవాళ్లు ఇళ్లల్లో ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు. 1894లో గానీ ప్రభుత్వ కాగితాల్లోకి రాలేదు. ఇప్పుడు వాడేవి 24. నేను రెండు రోజుల్లో నేర్చుకున్నది వాటినే.